ఓనరు గారి తొట్టెలో సింగపూర్ చేప

నాకు ఇరవై మూడేళ్ళు నడుస్తున్న రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఉండేది కాదు. ఎవరేమడిగినా నోట్లోంచి జవాబు ముందు వచ్చేది, ఆలోచన తరవాత తీరిగ్గా వచ్చేది, ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు. ముప్పై అయిదు దాటిన ఇప్పుడు తెలియనివి రోజుకొకటి చొప్పున బయటపడుతున్నాయి. 'తెలియదండీ' అనడంలో ఎంత సుఖముందో కూడా ఇప్పుడే అర్థమవుతోంది. ఆ సుఖం రుచి చూడకముందు, సుమారు పుష్కరం కిందట, ఆటోనగర్‌లో నేను చేసిన ఒక నిర్వాకం గురించి చెప్పుకోవాలి. నవ్వొచ్చే సంగతే. నేను కూడా నవ్వుతూనే చెబుతాను. కాకపోతే ఆ నవ్వులాటలో, తప్పేమీ చేయని ఒక పెద్దావిడ పరువు నా మూలాన పోబోయింది. అందుకని మధ్యలో ఎక్కడైనా నా గొంతు తగ్గితే ఏమీ అనుకోకండి.

నేను లారీ స్పేర్ పార్టులు అమ్మే షాపులో కౌంటరు మీద పనిచేసేవాణ్ణి. మా ఓనరు గారు భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ, మనసు మాత్రం వెన్న. ఆయన షాపులో నిలబడి 'ఒరేయ్' అంటే నాలుగో వీధిలో మెకానిక్కులు కూడా 'వస్తన్నా' అని పలికేవాళ్ళు. ఆయన పక్కనే ఆయన బావమరిది కూర్చునేవాడు. ఈయనకి లోకంలో ప్రతి మనిషి మీదా అనుమానమే. నట్లు తూచి ఇచ్చినవాడు నాలుగు జేబులో వేసుకున్నాడేమోనని మళ్ళీ తూయించేవాడు. చాటుగా మేమంతా ఆయన్ని ఇన్‌స్పెక్టర్ అనేవాళ్ళం. ఇక స్తోత్రం ఆంటీ. షాపు ఊడ్చి, నీళ్ళు పట్టి, టీ తెచ్చి, మా అందరి తిక్కలూ భరించే మనిషి. యాభై దాటి ఉంటాయి. షట్టరు లేస్తే స్తోత్రం, కరెంటొస్తే స్తోత్రం, బేరం కుదిరితే స్తోత్రం, కుదరకపోతే కాస్త మెల్లిగా స్తోత్రం. షాపు తాళం పదిహేనేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉండేది. ఓనరు గారు సొంత బావమరిదికి కూడా ఇవ్వని తాళం అది. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి షట్టరు తీసేది ఆవిడే. ఆ తాళంచెవిని పెద్ద పిన్నీసుతో నడుముకి తగిలించుకుని ఆవిడ ఆటోనగర్ వీధిలో నడుస్తుంటే, అది కలెక్టరాఫీసు తాళమేమో అనిపించేది.

అట్లా ఉండగా ఓనరు గారికి బీపీ వచ్చింది. (గొంతు చూస్తే ఇన్నేళ్ళు రాకపోవడమే వింత.) డాక్టరు గారు మందులు రాసి, 'రోజూ ఒక పావుగంట మాట్లాడకుండా చేపల్ని చూస్తూ కూర్చోండి' అన్నారట. ఆ డాక్టరు గారి ఆస్పత్రిలో ఒక గాజు తొట్టె, అందులో చేపలు, వాటి చుట్టూ నీళ్ళలో పెరిగే మొక్కలు ఉన్నాయట. ఓనరు గారు వచ్చి ఆ తొట్టెని వర్ణించిన తీరు చూస్తే, ఆయన బీపీ అక్కడే సగం తగ్గినట్టుంది.

"లోపలంతా తోటేరా. పచ్చగా మొక్కలు, వాటి మధ్యలో చేపలు అట్టా అట్టా తిరగతన్నాయ్. మన షాపులో అట్టాంటిదే పెట్టాలి. ఎవరికి తెలుసో ఏంటో ఇవన్నీ."

"నాకు తెలుసండీ," అన్నాను.

ఆ మాట నేను అనాలనుకోలేదు. అదే వచ్చేసింది.

"నీకా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కళ్ళు చిన్నవి చేసి.

"మాది చేపల చెరువుల ఫ్యామిలీ అండీ. చల్లపల్లి అవతల మా బాబాయికి ఇరవై ఎకరాల చెరువులు. చేపల మధ్యలోనే పెరిగాను." (పెరిగింది పటమటలో, అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో. బాబాయి చెరువుల్ని రెండుసార్లు చూశాను, ఒకసారి బస్సులోంచి.)

ఓనరు గారి మొహం వెలిగిపోయింది. "ఇంట్లో దీపం పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాన్రా. ఇక నీదే బాధ్యత," అన్నారు.

నాలుగడుగుల గాజు తొట్టె, లైటు, నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టరు గవర్నర్‌పేటలో కొన్నాం. ఆ షాపాయన మర్యాదస్తుడు, పాపం అన్నీ విడమరిచి చెప్పాడు. అడుగున కొంచెం మట్టి, దాని మీద సన్న గులకరాళ్ళు, అందులో మొక్కలు గుచ్చాలి. లైటు రోజుకి ఏడెనిమిది గంటలు మించి వేయకూడదు. మొక్కలు వేళ్ళు పట్టి, నీళ్ళు కుదురుకోవడానికి ఒక నెలైనా ఆగి, అప్పుడు చేపల్ని వేయాలి. నేను 'ఊఁ, ఊఁ' అంటూ వింటూ, మధ్యలో "మాకు ఇరవై ఎకరాలండీ" అన్నాను. ఆయన చెప్పడం ఆపి బిల్లు రాశాడు. ఇంటికెళ్ళి ఫోన్లో ఒక వీడియో కూడా పెట్టాను. మొదటి రెండు నిమిషాల్లో అందులోని ఆయన సబ్‌స్క్రైబ్ చేయమన్నాడు. చేశాను. దాంతో నేర్చుకోవడం పూర్తయిందనిపించి ఆపేశాను.

అయినా ఎక్కడో లోపల కొంచెం భయం ఉన్నట్టుంది, బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, కొత్తగా చేపలు వేస్తన్నాం. నీళ్ళెట్టా తయారు చేయాలి?"

"చెరువు ఎండబెట్టారా?"

"ఎండే ఉంది బాబాయ్." (గాజు తొట్టె. పాత బనీనుతో తుడిచాను.)

"సున్నం కొట్టారా?"

"కొడతాం."

"తరవాత పేడ. దాని మీద సూపరు ఎరువు చల్లండి. నీళ్ళు పెట్టాక వారం పది రోజుల్లో పెసరకాయ రంగు రావాలి. పచ్చబడకపోతే చేప పెరగదురా, అది గుర్తెట్టుకో. మేత సంచుల్లోనే పెట్టండి. ఇంతకీ ఎన్నెకరాలు?"

"నాలుగడుగులు."

"ఏంటీ?"

"సిగ్నల్ సరిగా లేదు బాబాయ్, మళ్ళీ చేస్తా."

మీకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో చేపల రైతు పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి నీళ్ళు పచ్చగా ఉన్నాయని చూసుకుని సంతోషంగా టీ తాగుతాడు. ఆ పచ్చదనం చేపకి తిండి. గాజు తొట్టె పెట్టుకున్నవాడు అదే పచ్చదనాన్ని చూస్తే తల పట్టుకుంటాడు. లోపలి మొక్కా కనపడదు, చేపా కనపడదు. ఈ తేడా నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. అందుకని బాబాయి చెప్పిన సేద్యం మొత్తం ఆ నాలుగడుగుల్లో చేశాను. అడుగున నల్లమట్టి, దాని మీద సున్నం, దాని మీద ఎండిన పేడ, దాని మీద ఎరువు. లైటు పొద్దున్నించి షాపు మూసేదాకా వేసే ఉంచాను, ఎందుకంటే చెరువుకి ఎండ ఎక్కువైతే మంచిదే కదా. చెరువుల్లో తవుడు నింపిన సంచికి చిల్లులు పొడిచి, వెదురు గెడకి కట్టి నీళ్ళలోకి దింపుతారు, చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. నేను ఒక చిన్న సంచి కుట్టించి, తవుడు నింపి, తొట్టె మీద అడ్డంగా పెట్టిన పాత వైపర్ రాడ్డుకి వేలాడదీశాను.

మూడో రోజుకి షాపు గేదెల కొట్టంలా వాసన కొట్టింది. ఒక లారీ డ్రైవరు లోపలికొచ్చి, "ఏంటండీ, పాడి కూడా మొదలెట్టారా?" అని అడిగాడు. పదో రోజుకి నీళ్ళు పచ్చబడ్డాయి. అట్లా ఇట్లా కాదు, బాబాయి చూస్తే నన్ను కావలించుకునేంతగా పచ్చబడ్డాయి.

ఓనరు గారు కుర్చీ వేసుకుని, చేతికి బీపీ మిషను కట్టుకుని, పావుగంట నిశ్శబ్దంగా చూశారు.

"ఏమీ కనపడట్లేదేంట్రా? పెసరకట్టు చూస్తన్నట్టుంది."

"పచ్చదనం కంటికి మంచిదండీ. డాక్టరు గారు చెప్పింది అదేగా."

"అంతేనంటావా?" అన్నారు ఆయన నమ్మకంగా. అంత మంచి మనిషికి నేను చెప్పిన అబద్ధాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొక్కల్ని డబ్బు పెట్టి కొనడం దండగనిపించింది. ఒక ఆదివారం బండి మీద బాబాయి ఊరెళ్ళి, అక్కడి కాలవలో పెరిగే సన్నాకుల నాచుని బకెట్టు నిండా పీక్కొచ్చి, ఒక్క కట్ట కూడా కడగకుండా తొట్టెలో నాటాను. అది కాలవ మొక్క. దాన్ని చంపడం ఎవరివల్లా కాదు, నావల్ల కూడా కాలేదు. ఇంతలో ఓనరు గారు నెల రోజులు ఆగలేక, పన్నెండు చిన్న చిన్న రంగు చేపల్ని కొనుక్కొచ్చారు. అవి సంచి దగ్గరికి తవుడు తినడానికి వచ్చినప్పుడు గాజు పక్కన కనపడేవి. ఒక్కోదానికి ఆయనే పేరు పెట్టారు. క్లచ్, గేర్, పిస్టన్, డైనమో, స్టీరింగ్, హారన్, ఇట్లా మొత్తం లారీ. మధ్యాహ్నం భోజనం కాగానే హాజరు పిలిచినట్టు పిలిచి లెక్క చూసుకునేవారు.

పదమూడోది ఎవరూ కొనలేదు. అగ్గిపుల్ల పొడవుంటుంది, ఎర్రగా ఉంది, పక్కన బంగారు గీత. నాచుతో పాటు బకెట్లో ఎక్కి వచ్చేసింది.

"ఈ ఎర్రదేంట్రా? నేను కొన్నట్టు లేదే!" అన్నారు ఓనరు గారు.

'తెలియదండీ' అనాల్సిన చోటు అది. అంటే సరిపోయేది.

"స్పెషల్‌గా తెప్పించానండీ. సింగపూర్ వెరైటీ," అన్నాను.

అప్పుడే గాజు తుడవడానికి వచ్చిన స్తోత్రం ఆంటీ వంగి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "బాబూ, ఇది కొర్రమీను పిల్లలాగుందండి. చిన్నప్పుడు ఇట్టా ఎర్రగానే ఉంటాయి. మిగతావాటితో కలిపి ఉంచితే ఊరుకోదేమో చూడండి," అంది.

కౌంటరు దగ్గర నలుగురు కస్టమర్లున్నారు, ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, ఓనరు గారు ఉన్నారు. నేను పెద్దగా నవ్వాను. "ఆంటీకి ఏ చేపని చూసినా పులుసే గుర్తొస్తుందండీ. ఆంటీ, మీరు కొంచెం దూరంగా ఉండండి, పాపం అవి భయపడతన్నాయి!" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, గుడ్డ పిండుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నేను చాలా తెలివైనవాణ్ణనుకున్నాను. ఆ జోకు నా జీవితంలో నేను వేసిన అత్యంత ఖరీదైన జోకని తరవాత తెలిసింది. దాని ఖరీదు పడింది ఆవిడ మీద.

మూడు నెలలు తిరిగేసరికి హాజరులో తేడా వచ్చింది. ఒక మధ్యాహ్నం ఓనరు గారు, "క్లచ్ కనపడట్లేదురా!" అని గావుకేక పెట్టారు. మూడ్రోజులకి హారన్ పోయింది. తరవాత డైనమో. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా బీపీ మిషను చూసుకుని, "నూట అరవై! చేపల్ని చూస్తే తగ్గుద్దన్నాడు డాక్టరు, నాకేమో పెరగతంది!" అని అరిచేవారు. చచ్చిపోతే పైకి తేలాలి కదా, ఏదీ తేలలేదు. నేను మాత్రం తడుముకోకుండా, "మొక్కల్లో గుడ్లు పెట్టుకుంటున్నాయేమోనండీ," అని చెప్పాను.

అయిదోది పోయిన మర్నాడు, అందరూ భోజనాలకి వెళ్ళాక, నాకూ కొంచెం అనుమానమొచ్చి గాజుకి ముక్కానించి కూర్చున్నాను. నాచు కదిలింది. అందులోంచి జానెడు పొడవున, నల్లగా, పాము తలలాంటి తలతో సింగపూర్ వెరైటీ బయటికొచ్చింది. ఎరుపూ లేదు, బంగారు గీతా లేదు. దాని నోట్లోంచి పిస్టన్ తోక ఊగుతోంది. నన్ను ఒక్క క్షణం చూసి, గుటుక్కుమని మింగి, మళ్ళీ నాచులోకి వెళ్ళిపోయింది. పులుసు ముక్కగా తప్ప కొర్రమీనుని ఎరగని నాకు కూడా అదేమిటో అర్థమైంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే సింగపూర్ అబద్ధమని తేలుతుంది, ఇరవై ఎకరాల పెంపకం కూడా అబద్ధమని తేలుతుంది. ఎవరికీ తెలియకుండా దాన్ని తీసేస్తే సరిపోతుందనుకుని, టీ వడగట్టే జల్లెడతో మూడు మధ్యాహ్నాలు వేటాడాను. ఆ పెసరకట్టులో దానికి నేను కనపడుతున్నాను గానీ నాకది కనపడలేదు. నాలుగో రోజు టీలో పేడ వాసన వస్తోందని ఓనరు గారు అన్నారు, దాంతో వేట ఆపాల్సి వచ్చింది.

ఆ నాలుగో రోజు సాయంత్రమే ఇన్‌స్పెక్టర్ తన సిద్ధాంతం బయటపెట్టాడు.

"బావా, అందరికన్నా ముందు షాపులోకి వచ్చేదెవరు? ఒంటరిగా అరగంట ఉండేదెవరు? చేపని చూస్తే పులుసు గుర్తొచ్చేదెవరికి? ఈ కుర్రోడే చెప్పాడుగా ఆ రోజు!"

"ఛఛ. పదిహేనేళ్ళ మనిషిరా," అన్నారు ఓనరు గారు.

"నేనేమన్నా కేసు పెట్టమన్నానా? తాళం నాకివ్వమను. నాలుగు రోజులు చూద్దాం. చేపలు పోవడం ఆగితే సంగతేంటో తెలిసిపోద్ది."

ఓనరు గారు నావైపు చూశారు. "ఏరా, నువ్వేమంటావు? నీకు తెలుసుగా ఇవన్నీ."

నేను బేరింగు పెట్టె మీద రాసున్న అక్షరాలు చదువుతున్నట్టు నటించాను. చదివాను కూడా. ఇప్పటికీ అప్పజెప్పగలను.

మర్నాడు ఓనరు గారు ఎటో చూస్తూ, "అమ్మా, ఆ తాళం ఇకనించి మా బావమరిది దగ్గర ఉంటుందిలే. నీకెందుకు శ్రమ," అన్నారు. ఆవిడకి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. పిన్నీసు తీసి, తాళంచెవి విప్పి, కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. స్తోత్రం అనలేదు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "బాబూ, ఆ ఎర్ర పిల్ల బాగుందా?" అని అడిగింది. దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. ఇంట్లో బిడ్డ ఎట్లా ఉందని అడిగినట్టు అడిగింది. "బాగానే ఉందాంటీ," అన్నాను.

తరవాత మూడు రోజులు ఆవిడ ఎప్పటిలాగే ఏడున్నరకి వచ్చి, మూసున్న షట్టరు ముందు అరుగు మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ తీరిగ్గా పది గంటలకి వచ్చి తాళం తీసేవాడు. వీధిలో పోయే మెకానిక్కులంతా, "ఏంటి ఆంటీ, తాళం మర్చిపోయారా?" అని అడుగుతుంటే, "ఆఁ, మర్చిపోయానయ్యా," అనేది. నేను ఎదురుగా టీ కొట్టు దగ్గర, లారీ చక్రం వెనక నిలబడి అంతా విన్నాను. మూడు రోజులూ విన్నాను. రోజూ 'ఇవాళ చెప్పేస్తా' అనుకోవడం, ఇంకో టీ చెప్పడం.

నాలుగో రోజు మధ్యాహ్నం హాజరులో స్టీరింగ్ లేదు, గేర్ కూడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. తాళం ఆవిడ దగ్గర లేదు, అయినా చేపలు పోయాయి, కాబట్టి నేను నోరు విప్పకుండానే ఆవిడ నిర్దోషి అయిపోయింది. కానీ ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"చూశావా బావా! పగలే పట్టుకెళ్తుంది. ఆ క్యారేజీలో పెట్టి!" అన్నాడు. ఆవిడ అప్పుడే క్యారేజీ తీసుకుని భోజనానికి కూర్చోబోతోంది. షాపులో ముగ్గురు డ్రైవర్లు, ఇద్దరు మెకానిక్కులు ఉన్నారు. "ఏమ్మా, ఒకసారి ఆ క్యారేజీ తెరువు," అన్నాడు.

ఆవిడ రెండు చేతులతో క్యారేజీ పట్టుకుని అట్లాగే నిలబడింది. తెరవనూ లేదు, కాదననూ లేదు. ఓనరు గారు తల దించుకున్నారు.

"ఆగండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినపడింది. "దొంగ తొట్టెలోనే ఉందండీ. ఆ సింగపూర్ చేప. అది సింగపూరుది కాదండీ. ఆంటీ ఆ రోజు చెప్పింది నిజమే. అది కొర్రమీను. నాకు వారం కిందటే తెలుసు. నా కళ్ళతో చూశాను, పిస్టన్ని మింగుతుంటే."

"పిస్టన్ని మింగడమేంటి?" అని ఒక డ్రైవరు పక్కవాణ్ణి అడిగాడు.

"సింగపూర్ అన్నావ్ కదరా?" అన్నారు ఓనరు గారు, చిన్నపిల్లాడిలా.

"చల్లపల్లి అవతల కాలవండి," అన్నాను.

"నాటకాలు! ఆవిణ్ణి కాపాడ్డానికి కథలు చెప్తన్నాడు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. జీవితంలో మొదటిసారి నిజం చెబితే ఎవరూ నమ్మడం లేదు. ఇక చేసేదేమీ లేక, మోచేతి దాకా చొక్కా మడిచి, తొట్టెలో చెయ్యి పెట్టి నాచు మొత్తం ఒక్కసారి పైకి లాగాను. సున్నం, పేడ, తవుడు సంచి, వైపర్ రాడ్డు అన్నీ కదిలి నీళ్ళు నల్లబడ్డాయి. ఆ నల్లటి నీళ్ళలోంచి మా సింగపూర్ వెరైటీ ధడాలుమని గాల్లోకి లేచి, కౌంటరు మీద పడి, బిల్లు పుస్తకాన్ని తోకతో కొట్టి, నేల మీదికి దూకింది.

కొర్రమీనుకి నీళ్ళు లేకపోయినా కంగారుండదు. కంగారంతా మనకే. ఒక డ్రైవరు తువ్వాలు వేశాడు, తువ్వాలు కిందనించి జారిపోయింది. మెకానిక్కులిద్దరూ చెరోవైపు నించి ఒకేసారి వంగి, తలలు ఢీకొట్టుకుని కూర్చుండిపోయారు. "నేను పడతా, నేను పడతా," అంటూ ఇన్‌స్పెక్టర్ ఉరికి, గేరాయిల్ డబ్బా తన్ని, ఆ ఆయిల్లోనే జారి గోడ దాకా వెళ్ళిపోయాడు. ఓనరు గారు స్టూలెక్కి నిలబడ్డారు. ఆ హడావిడిలో చేతికున్న బీపీ మిషను బటన్ నొక్కుకుపోయి, అది దాని పాటికది ఉబ్బుతోంది. ఆయన పైనించి, "నూట డెబ్బై! ఆ డబ్బా వెనక్కెళ్ళింది! నూట ఎనభై!" అని వ్యాఖ్యానం మొదలుపెట్టారు. నేను రెండుసార్లు పట్టుకున్నాను, రెండుసార్లూ నా మొహం మీద కొట్టి పోయింది. అది న్యాయమే.

"అందరూ జరగండి," అంది స్తోత్రం ఆంటీ. క్యారేజీ కౌంటరు మీద పెట్టి, చీర ఎగదోపుకుంది. "బూడిదుంటే బాగుండేది. బాబూ, ఆ రంపపు పొట్టు ఇటివ్వండి."

నేల మీద ఆయిలు పడితే చల్లడానికి మా దగ్గర ఎప్పుడూ రంపపు పొట్టు బుట్ట ఉండేది. ఆవిడ రెండు గుప్పిళ్ళు తీసి చేప మీద చల్లింది. ఆ జారుడంతా పొట్టుకి అంటుకుంది. ఒక చెయ్యి తల వెనక, ఒక చెయ్యి తోక దగ్గర వేసి, తలుపు గొళ్ళెం తీసినంత తేలిగ్గా దాన్ని ఎత్తి, బకెట్టులో వేసి, పైన మూత పెట్టి, మూత మీద బ్రేకు డ్రమ్ము పెట్టింది. అప్పుడంది, "స్తోత్రం."

చేతులు కడుక్కుని వచ్చి, తనే క్యారేజీ తెరిచింది. గిన్నె తరవాత గిన్నె విడదీసి, ఆయిల్లో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ ముందు వరసగా పెట్టింది. అన్నం, దోసకాయ పప్పు, రెండు వడియాలు.

"చూసుకోండి బాబూ, అడిగారు కదా. మా నాన్న ఏట్లో వలేసేవోడండి. కొర్రమీనుని పట్టడం నాకు నడక రాకముందే తెలుసు. తినడమే తెలవదు. నాకు చేప పడదు. చిన్నప్పటినించీ ఒళ్ళంతా దద్దుర్లు." చూపించింది. చేపని పట్టుకున్న అరచేతులు అప్పటికే ఎర్రగా పొంగుతున్నాయి.

అప్పటికి రెండేళ్ళుగా ఆవిడ చేతి టీ తాగుతున్నాను. ఆవిడ ఏం తింటుందో, ఏం తినదో నాకు తెలియదు. పులుసు జోకు మాత్రం తెలుసు.

ఓనరు గారు స్టూలు దిగి, బావమరిది జేబులోంచి తాళంచెవి తీసి, కళ్ళనీళ్ళతో ఆవిడ ముందు పెట్టారు. "అమ్మా, బుద్ధి లేక చేశాను. తీసుకో," అన్నారు. ఆవిడ తీసుకోలేదు.

"ఇకనించి ఈ బాబుకివ్వండి. నేను ఏడున్నరకి వస్తాను. అప్పటికి షట్టరు తీసుండాలి."

అప్పటిదాకా పొద్దున తొమ్మిదింటికి ముందు నేను ఆటోనగర్ మొహం చూసిన దాఖలా లేదు. మర్నాటినించీ ఏడూ ఇరవైకల్లా వచ్చి తాళం తీసి, ఆవిడ కోసం ఫ్యాను కూడా వేసి నిలబడేవాణ్ణి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆవిడ ఏమీ అనేది కాదు, వచ్చి అరుగు మీద కూర్చునేది. అది చాలు, నాకు ఆ రోజు అన్నం సయించేది కాదు. ఇన్‌స్పెక్టర్ ఆ కొర్రమీనుని పులుసు పెట్టించాలన్నాడు గానీ ఓనరు గారు పడనివ్వలేదు. మిగిలిన చిన్న చేపల్ని డాక్టరు గారి తొట్టెకి పంపించి, మా తొట్టెని నాతో మొత్తం కడిగించి, గవర్నర్‌పేట షాపాయన్ని పిలిపించి, ఆయన చెప్పినట్టు నెల రోజులు మొక్కల్ని కుదురుకోనిచ్చి, అప్పటిదాకా నీళ్ళ పీపాలో ఉంచిన ఆ కొర్రమీనునొక్కదాన్నే అందులో వేశారు. "నా షాపులో ఎవరు ఎవరో నాకు చూపించింది ఇదేరా," అనేవారు. దాన్ని చూస్తూ కూర్చుంటే ఆయన బీపీ నిజంగానే దిగింది. నన్ను మాత్రం ఆటోనగర్ మొత్తం సింగపూర్ అని పిలవడం మొదలుపెట్టింది.

రెండేళ్ళ తరవాత వేరే ఉద్యోగం వచ్చి ఆ షాపు వదిలేశాను. ఆ రెండేళ్ళలో ఆవిడ దగ్గర ఆ రోజు గురించి ఒక్క మాట ఎత్తలేదు. తాళం తీస్తున్నాను కదా, అదే క్షమాపణ అనుకున్నాను. ఆఖరి రోజు పొద్దున మాత్రం ఉండబట్టలేక, హెల్మెట్టు చేత్తో పట్టుకుని, దారంతా బట్టీ పట్టిన మాటలు చెప్పబోయాను.

"ఆంటీ, ఆ రోజు నేను ముందే చెప్పాల్సింది. తప్పు చేశాను."

"ఏ రోజు బాబూ?"

ఆవిడ మర్చిపోయిందనుకున్నాను. వదిలేసి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. కానీ ఎందుకో కూర్చుని మొదటినించీ చెప్పాను, ఏదీ దాచకుండా. వీడియో రెండు నిమిషాలే చూడటం, ఆవిడ మాటకి నవ్వడం, బేరింగు పెట్టె చదవడం, లారీ చక్రం వెనక టీలు తాగడం. ఆవిడ ఊడ్చే చీపురు పక్కన పెట్టి ఓపిగ్గా అంతా విన్నది. అయిపోయాక లేచి, మళ్ళీ చీపురు తీసుకుంది.

"గుర్తుందిలే బాబూ. మొత్తం చెప్తారో, సగం దాచుకుంటారో చూద్దామని అడిగా."

ఇప్పుడు అప్పుడప్పుడూ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఊడ్చిన నేల మీద చెప్పులతో నిలబడి, చేతిలో హెల్మెట్టు తిప్పుకుంటూ, ప్రపంచంలో తెలియని విషయం లేదనుకుంటూ, ఒక చిన్న మాట చెప్పడానికి రెండేళ్ళు తీసుకున్నవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పోన్లేరా అని భుజం తట్టాలని కూడా అనిపిస్తుంది, ముందు ఒక మొట్టికాయ వేశాక.